ఆకాశం పై అంతస్తుకి ఎక్కి దిగిన ప్రొఫెసర్

ఇండియా వెళ్ళే విమానంలో నిద్ర పట్టని వాళ్ళలో నేనొకణ్ణి. సినిమాలు రెండు చూసేశాక, పక్కసీటు పెద్దాయన గురక శ్రుతిలో పడ్డాక, ఎదురుగా ఉన్న చిన్న తెర మీద మ్యాప్ పెట్టుకుని కూర్చుంటాను. ఎత్తు ముప్ఫై ఎనిమిది వేల అడుగులు, బయట ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీలు. నాకూ ఆ మైనస్ 56కీ మధ్య ఉన్నది అల్యూమినియం రేకు, కిటికీ పలకలు, అంతే. లోపల నేను చొక్కా చేతులు మడుచుకుని టీ తాగుతున్నాను. ఈ సుఖం ఎవరి పుణ్యం అని ఎప్పుడైనా ఆలోచించారా?

నా మటుకు నాకు ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఒక ఫోటో గుర్తొస్తుంది. ఇంజనీరింగ్ చదివిన వాళ్ళు, ఫిజిక్స్ చదివిన వాళ్ళు దాన్ని తప్పకుండా చూసి ఉంటారు. 1927లో బ్రస్సెల్స్‌లో జరిగిన సాల్వే సమావేశం ఫోటో అది. ముందు వరుసలో ఐన్‌స్టీన్, మేడమ్ క్యూరీ, వెనక బోర్, హైజెన్‌బర్గ్, ష్రోడింగర్, డిరాక్. మా కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ గోడ మీద ఉండేది. అందరి పేర్లూ కంఠతా పట్టాం గానీ వెనక వరుసలో ఎడమ చివర నిలబడ్డ ఆయన ఎవరని ఒక్కడూ అడగలేదు. ఆయనే ఆగస్టే పికార్డ్. నాలుగేళ్ళు నిండకముందే, మనిషన్నవాడు అంతవరకూ వెళ్ళని ఎత్తుకి వెళ్ళి, ప్రాణాలతో దిగి వచ్చి, ఆ ఫోటోలో ఉన్న చాలామంది కంటే ఎక్కువగా పేపర్లకెక్కాడు.

కవల పిల్లలు

1884 జనవరి 28న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో పికార్డ్ దంపతులకు కవలలు పుట్టారు. ఒకడు ఆగస్టే, రెండోవాడు జీన్. తండ్రి జూల్స్ పికార్డ్ అక్కడి యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. పిల్లలిద్దరూ జూరిక్‌లోని ప్రసిద్ధమైన పాలిటెక్నిక్‌లో చేరారు. ఆగస్టే మెకానికల్ ఇంజనీరింగ్, జీన్ కెమికల్. ఇద్దరూ తాటిచెట్టంత పొడుగు, ఒకే పోలిక.

ఇద్దరికీ గాలిబుడగల పిచ్చి పట్టుకుంది. 1913లో కలిసి బెలూన్ ఎక్కి పదహారు గంటలు గాలిలో తిరిగారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో 1915లో స్విస్ సైన్యపు బెలూన్ దళంలో చేరారు. తరవాత దారులు వేరయ్యాయి. ఆగస్టే 1922లో బెల్జియంలోని బ్రస్సెల్స్ యూనివర్సిటీకి ఫిజిక్స్ ప్రొఫెసరుగా వెళ్ళాడు. జీన్ 1926లో అమెరికా వచ్చేశాడు, 1931లో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఇదే కథ! ఒకడు ఆ ఒడ్డున, ఒకడు ఈ ఒడ్డున. ఈ అన్నదమ్ముల సంగతికి మళ్ళీ వస్తాను.

ఆగస్టే చేతికి పని తెలిసిన ప్రొఫెసరు. అయస్కాంతాల మీద పియర్ వైస్‌తో కలిసి 1917లో చేసిన పరిశోధన ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1926లో, కాంతివేగాన్ని గురించిన మైకెల్సన్ ప్రయోగాన్ని బెలూన్‌లో పెట్టి పైకి తీసుకెళ్ళి మరీ చేశాడు. నేల మీద చేస్తే ఒక ఫలితం, గాలిలో చేస్తే ఇంకో ఫలితం వస్తుందేమో చూద్దామని. రాలేదు. ఐన్‌స్టీన్ ఊపిరి పీల్చుకోవచ్చన్నమాట!

మెట్లెక్కే కొద్దీ ఊపిరి అందదు

ఇక్కడ కొంచెం గాలి గురించి చెప్పుకోవాలి. లేకపోతే ఆయన చేసిన పని ఎంతటిదో తెలియదు.

మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో గాలి బరువు ఉంటుంది. పైకి పోయే కొద్దీ నెత్తి మీద గాలి తగ్గుతుంది కాబట్టి ఒత్తిడీ తగ్గుతుంది. అయిదున్నర కిలోమీటర్ల ఎత్తులో ఒత్తిడి సగం. పదహారు కిలోమీటర్ల ఎత్తులో పదోవంతు మాత్రమే. అమ్మ కట్టిచ్చిన చేగోడీల ప్యాకెట్ విమానంలో ఎందుకు బెలూన్‌లా ఉబ్బుతుందో ఇప్పుడర్థమైందా? లోపలి గాలి నేల మీదిది, బయటి గాలి పైదీ.

ఈ సంగతి మనుషులు చాలా కష్టపడి నేర్చుకున్నారు. 1862లో ఇంగ్లండులో గ్లేషర్, కాక్స్‌వెల్ అనే ఇద్దరు బెలూన్ బుట్టలో ఎనిమిది వేల మీటర్లు దాటి వెళ్ళారు. గ్లేషర్ స్పృహ తప్పాడు. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోతే వాల్వు తాడు పళ్ళతో పట్టి లాగి బతికిపోయారు. 1875లో ఫ్రాన్సులో ‘జెనిత్’ బెలూన్‌లో వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరు చనిపోయారు. 1927లో అమెరికా సైన్యానికి చెందిన హాథార్న్ గ్రే ఆక్సిజన్ పెట్టుకుని తెరిచి ఉన్న బుట్టలో దాదాపు పదమూడు కిలోమీటర్ల దాకా వెళ్ళాడు. బెలూన్ దిగింది గానీ ఆయన ప్రాణంతో దిగలేదు.

అంత ఎత్తున గాలి ఎలా ఉంటుందో మాత్రం అప్పటికే కొంత తెలుసు. దానికి కారణం టెస్సెరాంక్ ద బోర్ అనే ఫ్రెంచి వాతావరణ శాస్త్రవేత్త. పారిస్ దగ్గర ట్రాప్ అనే ఊళ్ళో సొంత ఖర్చుతో ప్రయోగశాల పెట్టుకుని, మనుషులు లేని బెలూన్లకు థర్మామీటర్లు కట్టి వందల సంఖ్యలో వదిలాడు. పైకెళ్ళే కొద్దీ చలి పెరుగుతుంది, సరే. కానీ సుమారు పదకొండు కిలోమీటర్ల దగ్గర చలి పెరగడం ఆగిపోతోంది! ఎండ తగిలి థర్మామీటరు తప్పు చెబుతోందేమోనని రాత్రిళ్ళు కూడా వదిలాడు. అదే ఫలితం. 1902లో ఆ సంగతి లోకానికి చెప్పాడు. బెర్లిన్‌లో అస్మన్ కూడా అదే సంవత్సరం అదే మాట చెప్పాడు. కింది పొరకు ట్రోపోస్ఫియర్ అనీ, పై పొరకు స్ట్రాటోస్ఫియర్ అనీ పేరు పెట్టింది టెస్సెరాంక్ ద బోరే.

ఒకసారి ఆలోచించండి, మబ్బులూ వానలూ పిడుగులూ అన్నీ కింది అంతస్తు సంగతులే. వేడిగాలి పైకి లేచి, చల్లబడి, మబ్బు కడుతుంది. పై అంతస్తులో అలా కాదు. అక్కడ ఎత్తు పెరిగితే చలి పెరగదు, ఇంకా పైకి పోతే ఓజోన్ సూర్యకిరణాలను పీల్చుకోవడం వల్ల వేడే పెరుగుతుంది. బరువైన చల్లగాలి కింద, తేలికైన వెచ్చగాలి పైన. ఇక కలత ఎక్కడిది? అందుకే ఉరుముల మబ్బు పైకి పెరిగి పెరిగి ఆ సరిహద్దు దగ్గర, ఇంటి కప్పుకి తగిలిన పొగలా పక్కలకి పరుచుకుంటుంది. వానాకాలంలో మనం చూసే దాగలి ఆకారపు మబ్బు అదే.

మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడే చెప్పాలి. ఆ సరిహద్దు అన్నిచోట్లా ఒకే ఎత్తులో ఉండదు. యూరప్‌లో పదకొండు కిలోమీటర్లయితే, మన వైపు పదహారు పదిహేడు. అక్కడ చలి కూడా ఎక్కువ, మైనస్ 80 దాకా పోతుంది. వేడి దేశాల నెత్తి మీదే ఆకాశం ఎక్కువ చల్లగా ఉంటుందన్న ఈ విచిత్రాన్ని 1929లో తేల్చిచెప్పినవాడు మన భారత వాతావరణ శాఖలో పనిచేసిన కె. ఆర్. రామనాథన్, సి. వి. రామన్ గారి శిష్యుడు.

నా చుట్టూ నా గాలి

సరే, కథలోకి వద్దాం. పికార్డ్‌కి అక్కడేం పని? కాస్మిక్ కిరణాలు. 1912లో విక్టర్ హెస్ అయిదు వేల మీటర్ల పైకి బెలూన్‌లో వెళ్ళి, ఏవో కిరణాలు అంతరిక్షం నించి వస్తున్నాయని కనిపెట్టాడు. వాటిని సరిగా కొలవాలంటే గాలి పరదా దాటి పైకి పోవాలి.

పికార్డ్ ఆలోచన వినడానికి చాలా తేలిక. పైన బతకడానికి మనిషి మారలేడు కాబట్టి, కింది గాలిని మనిషితో పాటు పైకి తీసుకుపోవాలి. అంటే గాలి చొరబడని గది ఒకటి కట్టాలి. లోపల సముద్రతీరపు ఒత్తిడి, బయట దాదాపు శూన్యం. లెక్క వేస్తే గోడలో ప్రతి చదరపు మీటరునూ లోపలి నించి సుమారు తొమ్మిది టన్నుల బలం తోస్తుంది. పెట్టెలా కడితే మూలలు చిట్లుతాయి. గోళంలా కడితే బలం అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది. అందుకని రెండు మీటర్ల పైచిలుకు వ్యాసంతో అల్యూమినియం గోళం చేయించాడు. గోడ మందం మూడున్నర మిల్లీమీటర్లు! తయారు చేసింది బెల్జియంలో బీరు పీపాలు చేసే కార్ఖానా. అవసరమైన నేర్పు ఎవరి చేతుల్లో ఉందో కనిపెట్టడం కూడా ఇంజనీరింగే.

డబ్బిచ్చింది బెల్జియం జాతీయ పరిశోధన నిధి. దాని పొడి అక్షరాలే ఎఫ్.ఎన్.ఆర్.ఎస్. బెలూన్‌కీ అదే పేరు పెట్టాడు. హైడ్రోజన్ పట్టే సంచీ 14,000 ఘనపు మీటర్లు. కానీ నేల మీద అయిదో వంతు మాత్రమే నింపాలి. పైకెళ్ళే కొద్దీ అదే చేగోడీల ప్యాకెట్‌లా ఉబ్బుతుంది కదా. మొదటి నించే నిండుగా నింపితే అదనపు వాయువంతా దారిలో వృథాగా పోతుంది.

1930 సెప్టెంబరులో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ప్రయత్నం. గాలి ఉధృతంగా వీచి ఎగరనే లేదు. పేపర్లు నవ్వాయి. తెరిచి ఉన్న బుట్టలో పోవాల్సిన వాళ్ళు సీల్ వేసిన డబ్బాలో పోతారట అని లోకులు నవ్వారు. ఆయన నెలల తరబడి ఆగాడు.

1931 మే 27

తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. పికార్డ్, ఆయన సహాయకుడు పాల్ కిప్ఫర్ గోళంలోకి దూరారు. తలకి హెల్మెట్లు ఉండాలన్నారని అల్లిన బుట్టల్లో దిండ్లు కుక్కి తల మీద పెట్టుకున్నారు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంకా సిద్ధం కాకముందే, ఎవరూ సైగ చెయ్యకముందే, కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ గొట్టం కిందికి పోతూ కనిపించింది. బెలూన్ బయల్దేరిపోయింది!

కాసేపటికి లోపల ఈలలాంటి చప్పుడు. గాలిలో గోళం అటూ ఇటూ కొట్టుకున్నప్పుడు ఒక పరికరం కోసం చేసిన రంధ్రం దగ్గర బిగింపు దెబ్బతింది. అందులోంచి ఊపిరి బయటికి పోతోంది. పైకి పోతున్నది రాకెట్ వేగంతో, అరగంట లోపే పదిహేను కిలోమీటర్లు. పికార్డ్ వ్యాజలీన్, జనపనార కలిపి ముద్ద చేసి రంధ్రంలో కూరుతూ కూర్చున్నాడు. పోయిన ఒత్తిడి కోసం ద్రవ ఆక్సిజన్ నేల మీద పోశారు. చివరికి ఈల ఆగింది. సూట్‌కేసులో ఆవకాయ సీసాకి ఎన్ని చుట్లు టేపు వేసినా నూనె కారే మనవాళ్ళకి ఆ ముద్ద విలువ బాగా తెలుసు. కాకపోతే ఇక్కడ పాడయ్యేది చీరలు, అక్కడ పోయేది ప్రాణాలు.

ఇంతలో బారోమీటరు పగిలి పాదరసం నేల మీద పడింది. పాదరసం అల్యూమినియాన్ని తినేస్తుంది. మూడున్నర మిల్లీమీటర్ల గోడ! పికార్డ్ ఒక రబ్బరు గొట్టాన్ని బయటికి తెరుచుకునే కుళాయికి తగిలించి రెండో కొస పాదరసం మీద పెట్టాడు. బయట ఉన్న శూన్యమే దాన్ని పీల్చేసింది. ఏ ఒత్తిడి తేడా తమని చంపాలని చూస్తోందో దానిచేతే ఇల్లు తుడిపించాడన్నమాట.

అప్పుడు కిటికీలోంచి చూశారు. 15,781 మీటర్లు. పైన ఆకాశం నీలం కాదు, ముదురు ఊదా, దాదాపు నలుపు. దూరంగా భూమి అంచు వంపు తిరిగి ఉంది. మనిషి అంత ఎత్తుకి వెళ్ళి కళ్ళతో చూడడం అదే మొదటిసారి. మబ్బులన్నీ కిందనే ఉండిపోయాయి. (అన్నట్టు, అదే ఎత్తుకి ఆయన మన హైదరాబాదు మీద ఎగిరి ఉంటే, రామనాథన్ గారి లెక్క ప్రకారం ఇంకా కింది అంతస్తులోనే ఉండేవాడు!)

ఇక దిగాలి. హైడ్రోజన్ వదిలే వాల్వు తాడు లాగారు. రాలేదు. బయట ఇంకో తాడుకి చిక్కుకుంది. గట్టిగా లాగితే తెగింది. దిగే దారి లేదు. గోళానికి ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు రంగు వేయించి, చిన్న మోటారుతో తిప్పుకుంటూ వేడినీ చలినీ సర్దుకోవాలని ప్లాను. ఆ మోటారూ పనిచెయ్యలేదు. నల్లవైపు ఎండకి తిరిగి ఉండిపోయింది. బయట మైనస్ యాభై, లోపల మన రోహిణీకార్తె. దాహం. నీళ్ళు అయిపోయాయి. గోడలకి పట్టిన చెమ్మని నాకారు. ఆక్సిజన్ తరిగిపోతోంది. కింద ప్రపంచమంతా వాళ్ళు పోయారనే అనుకుంది.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు చెయ్యగలిగింది ఒకటే, కూర్చోవడం. సూర్యుడు దిగితే హైడ్రోజన్ చల్లబడుతుంది, చల్లబడితే బెలూన్ తనంతట తనే దిగుతుంది. ఆ లెక్క పికార్డ్‌కి తెలుసు. ఆక్సిజన్ ముందు అయిపోతుందా, పొద్దు ముందు వాలుతుందా అన్నదే ప్రశ్న. పొద్దే ముందు వాలింది. రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఆస్ట్రియాలోని ఓబర్‌గుర్గల్ పైనున్న మంచు కొండల మీద దిగారు. బెలూన్ గుడ్డ చుట్టుకుని ఆ రాత్రి మంచు మీదే పడుకున్నారు. మర్నాడు దిగి వస్తుంటే వెతకడానికి వచ్చిన ఊరివాళ్ళు ఎదురయ్యారు. ఓబర్‌గుర్గల్‌లో ఇప్పుడు వాళ్ళకి స్మారకచిహ్నం ఉంది.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఏ కాస్మిక్ కిరణాల కోసం వెళ్ళారో ఆ కొలతలు ఆ రోజు పెద్దగా తీసింది లేదు. రోజంతా రంధ్రాలు పూడ్చడంతోనే సరిపోయింది. తరవాతి సంవత్సరం, 1932 ఆగస్టు 18న, జూరిక్ దగ్గర డ్యూబెన్‌డార్ఫ్ నించి మాక్స్ కోసిన్స్‌తో మళ్ళీ వెళ్ళాడు. ఈసారి గోళానికంతా తెల్లరంగు. దాంతో లోపల వణికించే చలి! 16,201 మీటర్లు. ఇటలీలో గార్డా సరస్సు దగ్గర క్షేమంగా దిగారు, కొలతలూ తీసుకొచ్చారు. అదే నెలలో స్టుట్‌గార్ట్‌లో రీగనర్ అనే ఆయన మనుషులు లేని రబ్బరు బెలూన్లతో ఇరవై అయిదు కిలోమీటర్ల పైకి పరికరాలు పంపి అంతకంటే మంచి కొలతలు తెచ్చాడు. మరి పికార్డ్ చేసింది వృథాయేనా? కాదు. కాస్మిక్ కిరణాల కంటే పెద్ద సంగతి ఒకటి ఆయన రుజువు చేశాడు. సీల్ వేసిన గదిలో మనిషి గాలి లేని చోట బతకగలడు. ఈనాడు విమానంలో మనం టీ తాగుతున్నా, అంతరిక్ష నౌకలో వ్యోమగాములు తిరుగుతున్నా, అందరూ ఆ దారినే పోతున్నారు.

ఆ దారి రక్తం లేకుండా ఏమీ పడలేదు. 1934 జనవరిలో సోవియట్ బెలూన్ ఒకటి 22 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి, దిగేటప్పుడు కూలి ముగ్గురూ చనిపోయారు.

అమెరికా వచ్చిన తమ్ముడు

జీన్ పికార్డ్ ఇక్కడ ఊరుకోలేదు. ఆయన భార్య జానెట్ బెలూన్ నడిపే లైసెన్సు సంపాదించింది. 1934 అక్టోబరు 23న మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో ఇద్దరూ గోళంలో ఎక్కారు. నడిపింది ఆవిడే. 57 వేల అడుగుల పైకి వెళ్ళి ఒహాయోలో కాడిజ్ దగ్గర దిగారు. ముగ్గురు పిల్లల తల్లి స్ట్రాటోస్ఫియర్‌కి వెళ్ళిన మొదటి స్త్రీ అయింది. అన్న ఎక్కిన ఎత్తుని తమ్ముడూ మరదలూ దాటేశారు. జీన్ తరవాత మినెసోటా యూనివర్సిటీలో చాలాకాలం పనిచేశాడు.

ఊళ్ళో ఉండిపోయిన వాడు గొప్పా, వలస వచ్చిన వాడు గొప్పా అని మనిళ్ళల్లో మాటామాటా వస్తూ ఉంటుంది. మా అన్నయ్య నాన్నగారి దగ్గరే ఉండిపోయాడు, నేను ఇటొచ్చాను. ఫోన్లో ఇద్దరం ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తపడతాం. ఈ కవలల కథ చదివాక నాకు కొంచెం మనసు తేలికపడింది. రెండు ఖండాల్లో ఉన్నా ఇద్దరూ మోసింది ఒకే పనిని.

పైకెళ్ళినవాడే కిందికి

పికార్డ్ పైకెళ్ళడం మానేశాక ఏం చేశాడంటే, తలకిందులు చేశాడు. సముద్రం అడుగుకి పోవాలనుకున్నాడు. సూత్రం అదే, బెలూనే. హైడ్రోజన్ సంచీ బదులు నీటికంటే తేలికైన పెట్రోలు నింపిన తేలుడు తొట్టి, దాని కింద ఉక్కు గోళం. ఇక్కడ ఒత్తిడి బయటినించి. దానికి బాతిస్కాఫ్ అని పేరు పెట్టాడు. 1948లో మొదటిదాన్ని మనుషులు లేకుండా 1,380 మీటర్లు దింపారు. అది తిరిగొచ్చింది గానీ పైకొచ్చాక అలలకి తొట్టి దెబ్బతింది. మళ్ళీ పేపర్లు నవ్వాయి. మళ్ళీ ఆయన ఆగాడు. 1953లో ఇటలీలో ‘ట్రియెస్ట్’ కట్టి, 69 ఏళ్ళ వయసులో, కొడుకు జాక్‌తో కలిసి 3,150 మీటర్ల లోతుకి దిగి వచ్చాడు.

అందులో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ఇంజనీర్లకి అది చెప్పకుండా వదల్లేను. బాతిస్కాఫ్ కిందికి పోవడానికి బరువు కోసం ఇనుప గుళ్ళు నింపుతారు. పైకి రావాలంటే అవి వదిలెయ్యాలి. ఆ గుళ్ళని పట్టి ఉంచేది విద్యుదయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపే గుళ్ళు నిలుస్తాయి. కరెంటు పోయిందా, బ్యాటరీ చచ్చిందా, లోపలివాళ్ళు స్పృహ తప్పినా సరే, గుళ్ళు వాటంతట అవే రాలిపోతాయి, పడవ పైకొస్తుంది. చెడిపోతే మంచివైపుకే చెడిపోవాలి. 1931లో తెగిన వాల్వు తాడు చేతిలో పట్టుకుని రోజంతా కూర్చున్న మనిషికి కాక ఈ ఆలోచన ఇంకెవరికి వస్తుంది? ఆ తాడుకీ ఈ అయస్కాంతానికీ సంబంధం ఉందని నా ఊహ మాత్రమే. కానీ ఆ ఊహ నన్ను వదలదు.

ఎందుకంటే నా తాడు కూడా ఒకసారి తెగింది. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన చోట, డేటాకి బ్యాకప్ ఉండేది. రోజూ తీస్తూనే ఉన్నాం. తిరిగి తెచ్చి చూడాలని మాత్రం నాకు తట్టలేదు. ఒక శుక్రవారం రాత్రి అవసరమొచ్చి లాగితే రాలేదు. మూడు రోజులు నిద్ర లేదు, పోయింది పూర్తిగా రాలేదు. తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే. ఆ తరవాత ఏ డిజైన్ ముందుకొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న, ఇది చెడిపోతే ఎటు చెడిపోతుంది అని. కుర్రాళ్ళు నా వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

1960 జనవరి 23న ‘ట్రియెస్ట్’ పసిఫిక్ మహాసముద్రంలో అన్నిటికంటే లోతైన చోటికి, దాదాపు పదకొండు కిలోమీటర్ల అడుక్కి దిగింది. లోపల జాక్ పికార్డ్, అమెరికా నౌకాదళానికి చెందిన డాన్ వాల్ష్. తండ్రికి డెబ్భై ఆరు నిండడానికి ఇంకా అయిదు రోజులు. ఒక తండ్రికి అంతకంటే పుట్టినరోజు కానుక ఏముంటుంది?

1962 మార్చిలో లోజాన్‌లో ఆగస్టే కన్నుమూశాడు. పది నెలలకి, 1963 జనవరి 28న, ఇద్దరి పుట్టినరోజు నాడే, మినియాపొలిస్‌లో జీన్ కూడా వెళ్ళిపోయాడు. జానెట్ ఆ తరవాత నాసాకి సలహాదారుగా పనిచేసి, 1974లో ఎపిస్కోపల్ చర్చిలో పురోహితురాలై మళ్ళీ వార్తల్లోకెక్కింది. ఆగస్టే మనవడు బెర్ట్రాండ్ 1999లో బ్రయన్ జోన్స్‌తో కలిసి బెలూన్‌లో ఆగకుండా భూమి చుట్టివచ్చాడు. సౌరశక్తితో నడిచే విమానంలో 2015లో ప్రపంచయాత్రకి బయల్దేరి మన అహ్మదాబాదులో కూడా దిగాడు. మీ పిల్లలు టిన్‌టిన్ బొమ్మల కథలు చదువుతుంటే అందులో కాల్క్యులస్ అనే చెవిటి ప్రొఫెసర్ని చూడండి. బ్రస్సెల్స్ వీధుల్లో నడిచే పికార్డ్‌ని చూసే హెర్జే ఆ పాత్ర గీశాడు. కాకపోతే బొమ్మ గడిలో పట్టడానికి పొట్టివాణ్ణి చేశాడు!

మన నెత్తి మీద

చివరగా మన ఊరి సంగతి. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 1969 నించి అక్కడినించి పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు పికార్డ్ ఎక్కిన ఎత్తుకి రెట్టింపు పైగా పోతున్నాయి. భూమి అయస్కాంత రేఖ దగ్గరగా ఉండడం వల్ల తక్కువ శక్తి గల కాస్మిక్ కిరణాలు అక్కడికి రాలేవు, అందుకని కొలతలకి అది మంచి చోటు. 2005 ఏప్రిల్‌లో అక్కడినించి ఎగిరిన బెలూన్ 20 నించి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. అందులో దొరికిన బాక్టీరియాలో మూడు కొత్త జాతులున్నాయని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. గాలే లేదనుకున్న చోట ప్రాణం!

ఈసారి మీరు ఊరికి వెళ్ళేటప్పుడు మ్యాప్ తెర మీద ఆ మైనస్ 56 కనిపిస్తే, పక్కన కూర్చున్న పిల్లలకి ఒక నిమిషం ఈ కథ చెప్పండి. బుట్ట నెత్తిన పెట్టుకుని, చేతిలో వ్యాజలీన్ డబ్బాతో, పొద్దు వాలడం కోసం ఓపికగా కూర్చున్న ఆ పొడుగాటి ప్రొఫెసరు గురించి. నేనైతే చెప్పాను. మావాడు అంతా విని, మన విమానం వాల్వు తాడు తెగితే ఎలా నాన్నా అని అడిగాడు.

సరైన ప్రశ్న అడిగాడు. నేను తృప్తిగా నిద్రపోయాను.